రెండో కంచం

వీధిలో ఏళ్ల తరబడి గడిపిన మనిషికి గది తాళంచెవి ఇచ్చాక, ఆ మొదటి నెలే గట్టెక్కడం కష్టం. చాలామంది మంచం ఉన్నా నేల మీదే పడుకుంటారు. పొయ్యి ముట్టుకోరు. చీకటి పడేసరికి పాత చోటికి వెళ్లి, పాత మనుషులతో కలిసి తిని, ఏ అర్ధరాత్రో గదికి వస్తారు. అది చూసి ‘మళ్లీ వీధికే పోతున్నాడు’ అని కంగారుపడే కార్యకర్తలున్నారు. పోయేది వీధి మీద మమకారంతో కాదు. ఒక్కడే గోడకేసి చూస్తూ తినలేక పోతాడు.

షరతులేమీ పెట్టకుండా ముందు ఇల్లివ్వడం, తాగుడు మాన్పించడం వగైరా తర్వాత చూసుకోవడం అన్న పద్ధతిని 1992లో న్యూయార్క్‌లో సామ్ త్సెంబెరిస్ స్థాపించిన పాత్‌వేస్ టు హౌసింగ్ నిలబెట్టింది. ఫిన్లాండ్ 2008 నుంచి దాన్నే దేశ విధానంగా నడుపుతోంది. ఇల్లిస్తే మనుషులు నిలుపుకుంటారని ఆ రెండు చోట్లా తేలింది. ఒంటరితనం సంగతి వేరు. దానికి తాళంచెవి పనికిరాదు.

మేము నడిపేది వారానికి ఒక పూట భోజనం. ఒకే రోజు, ఒకే వేళ, ఇరవై నాలుగు మందికి. ఈమధ్యే గది దొరికినవాళ్లు, ఇంకా వసతి గృహాల్లో ఉన్నవాళ్లు, ఒకప్పుడు అలాగే వచ్చి ఇప్పుడు గరిటె పట్టినవాళ్లు, మాలాంటివాళ్లు అందరూ కలిసి కూర్చుంటాం. బయటినుంచి వచ్చి చూసినవాడికి ఎవరు ఏ రకమో తెలియకూడదు. తెలిసిపోతోందంటే ఏర్పాటులో ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. ఎక్కడెక్కడ జరుగుతుందో ఇన్నాళ్లలో మాకు తెలిసింది, అదే రాస్తున్నాం. ఇంకోమాట ముందే చెప్పాలి: వారానికి మూడు పూటలని మొదలుపెట్టి రెండు నెలలకు చేతులెత్తేసేకంటే, ఒక్క పూట రెండేళ్లు తప్పకుండా నడపడం మేలు. మాటిచ్చి తప్పినవాళ్లను వీళ్లు చాలామందినే చూసి ఉంటారు.

మొట్టమొదట తీసేయాల్సింది వరుస. గిన్నెల వెనక గ్లవుజులు వేసుకున్న మనిషి, ముందు ప్లేటు చాపిన మనిషి. ఈ దృశ్యం ఉన్నంతకాలం ఎంత మంచి వంటైనా ధర్మసత్రం భోజనమే. పైగా వరుస తనంతట తనే గొడవలు తెస్తుంది. వెనకున్నవాడికి అయిపోతుందేమోనన్న భయం, ముందున్నవాడు ఎక్కువ పెట్టించుకున్నాడన్న కోపం, మధ్యలో దూరిన వాడితో కొట్లాట. మేము వరుస తీసేసి గిన్నెలు టేబుళ్ల మీదికి తెచ్చిన రోజునుంచి సగం తగవులు వాటంతటవే పోయాయి.

ఇరవై నాలుగు మందికి ఎనిమిదేసి మంది కూర్చునే టేబుళ్లు మూడు. మనిషికి 60 సెంటీమీటర్ల వెడల్పు వదిలితే మోచేతులు తగలవు, అంటే 240 సెంటీమీటర్ల పొడవుకి అటు నలుగురు ఇటు నలుగురు. పన్నెండు మంది పట్టే టేబులు వేస్తే చివర్లవాళ్లు వేరే ఊళ్లో ఉన్నట్టే. కుర్చీల వెనక కనీసం 90 సెంటీమీటర్ల దారి ఉండాలి, చక్రాల కుర్చీ వస్తే పట్టాలి కదా. అలాంటివాళ్లు కూర్చునే చోట టేబులు కింద మోకాళ్లు పట్టేందుకు 70 సెంటీమీటర్ల ఎత్తు ఖాళీగా ఉందో లేదో టేపు పెట్టి చూడండి, కంటికి కనిపించేది నమ్మొద్దు.

బయట పడుకోవడం అలవాటైన మనిషి గోడకు వీపు ఆనించి, తలుపు కనిపించేలా కూర్చుంటాడు. వెనకనుంచి ఎవరూ రాకూడదన్న జాగ్రత్త అది, ఇల్లు దొరికిన మర్నాడే పోదు. అందుకే టేబుళ్లను గోడల వెంబడి వేసి, గోడవైపు కుర్చీలు వచ్చేవాళ్లకు వదిలేస్తాం. తలుపుకి వీపు పెట్టి కూర్చోవడం మా పని. సంచులు ఎక్కడ పెట్టుకోవచ్చో చూపిస్తాం, పెట్టమని అడగం. ఆ సంచీలోనే అతని కాగితాలు, మందులు, మొత్తం ఆస్తి ఉంటుంది, అది కాళ్లమధ్యే ఉండనివ్వాలి. కుక్కతో వచ్చేవాళ్లుంటారు. తలుపు పక్కనే కట్టేయడానికి ఒక కొక్కెం, నీళ్ల గిన్నె ఉంచండి. కుక్కను బయట ఎక్కడో వదిలేయమంటే మనిషి కూడా రాడు.

చెప్పిన వేళకు వడ్డన మొదలుకావడంలో మర్యాద ఒక్కటే కాదు, వైద్యం కూడా ఉంది. వచ్చినవాళ్లలో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉంటారు. ఏడింటికి భోజనమన్నారు కదా అని ముందే సూది వేసుకుని వస్తే, మనం ఏడున్నరకు పెడితే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు కనబడితే తాగాడనుకోకండి. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు చెంచాలు, నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంట చూడాలి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్సుకు ఫోన్ చేయాలి. మానసిక వైద్యంలో వాడే లురాసిడోన్‌ను కనీసం 350 కేలరీల తిండితో వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. క్షయకిచ్చే రైఫాంపిసిన్ సంగతి దీనికి తలకిందులు. దాన్ని భోజనానికి గంట ముందో, రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. ఎవరు ఏ మందు వాడుతున్నారో మేము అడగం. వేళ తప్పకుండా పెడితే వాళ్ల లెక్కలు వాళ్లు చూసుకుంటారు.

లోపలికి అడుగుపెట్టిన ఐదు నిమిషాల్లో చేతిలో వేడివేడిగా తాగేదేదైనా ఉండాలి. చేతులు ఖాళీగా ఉంటే కొత్తవాళ్లు గోడవారనే నిలబడిపోతారు, కప్పు పట్టుకుంటే కూర్చుంటారు. కప్పు సగమే నింపండి. మందులవల్లో, తాగుడు మానడంవల్లో చేతులు వణికేవాళ్లు ఉంటారు. నిండు కప్పు ఒలికిందంటే ఆ మనిషి మళ్లీ వారం రాడు.

అదే కారణంతో కాగితపు ప్లేట్లు వాడం. వణికే చేతిలో అవి మడత పడతాయి, వేడికి మెత్తబడతాయి, పైగా ‘తిని పారేసి వెళ్లు’ అన్నట్టుంటాయి. అంచు ఎత్తుగా ఉన్న ప్లేట్లు, స్టీలువో పింగాణీవో, తీసుకోండి, మందికి మించి ఓ పది ఎక్కువ ఉంచండి. అందరికీ ఒకే రకం. వాలంటీర్లకు వేరే కప్పులు, వేరే తిండి ఉండే చోట్లు మేము చూశాం. అక్కడ ఎంత నవ్వుతూ పలకరించినా లాభం లేదు.

ఇక కొలతలు. ఇరవై నాలుగు మందికి బియ్యం మనిషికి 80 గ్రాములు, అంటే రెండు కిలోలు. పప్పు దినుసులు మనిషికి 40 గ్రాములు, మొత్తం కిలో. తరిగిన కూరగాయలు మనిషికి 150 గ్రాములు, మొత్తం మూడున్నర కిలోల పైన. నూనె పావు లీటరు. ఉప్పు అన్నిటికీ కలిపి 60 గ్రాములు దాటనివ్వం, కావలసినవాళ్లకు టేబులు మీద ఉంటుంది. పెద్దవాళ్లకు రోజంతటికీ ఐదు గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, వచ్చేవాళ్లలో రక్తపోటు ఉన్నవాళ్లు తక్కువేం కాదు.

కొత్తగా వంట చేసేవాళ్లు తప్పేది నీళ్ల దగ్గర. ఇంట్లో నలుగురికి పోసే నీళ్లను ఆరుతో హెచ్చవేస్తే అన్నం ముద్దవుతుంది. పెద్ద గిన్నెలో సరుకు పెరిగినంతగా పైన తెరిచి ఉండే వెడల్పు పెరగదు, ఆవిరి తక్కువ పోతుంది. లెక్కకు వచ్చినదాంట్లో పదో వంతు తగ్గించి పోయండి, చాలకపోతే మరిగే నీళ్లు చేర్చవచ్చు. రెండో పొరపాటు టైము. ఇంటి పొయ్యి మీద 15 లీటర్ల నీళ్లు మరగడానికి ముప్పావు గంట పైనే పడుతుంది. రెండు గిన్నెలుగా చేసి రెండు పొయ్యిల మీద పెడితే సగమవుతుంది. అడుగంటిన వాసన వస్తే గీకకండి, కలపకండి. పైది మెల్లగా వేరే గిన్నెలోకి వంచేసుకుని అడుగుదాన్ని వదిలేయాలి. గీకారో, మొత్తం మాడు వాసనే.

పళ్ల సంగతి చాలామందికి తోచదు. వీధిలో ఉన్నవాళ్లలో పళ్లు ఊడినవాళ్లు, పుచ్చినవాళ్లు, చిగుళ్ల నొప్పితో ఒకవైపే నమిలేవాళ్లు ఎక్కువ. ప్రతి పూటా రెండు వంటకాలైనా నమలకుండా తినగలిగేవి ఉండాలి. వాటిని ‘మెత్తని భోజనం’ అని పక్కన పెట్టకండి. అందరి గిన్నెల్లోనే ఉండాలి, ఎవరికి కావాలో వాళ్లు వడ్డించుకుంటారు.

ఐదు రోజులకు మించి ఏమీ తినకుండా, లేదా నామమాత్రంగా తిని ఉన్న మనిషి వస్తే, జాలితో కడుపునిండా పెట్టడం ప్రమాదం. ఒక్కసారిగా పిండిపదార్థాలు పడేసరికి రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోయి గుండె లయ తప్పవచ్చు, రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అలాంటివాళ్లకు మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించకుండా ఇవ్వాలని బ్రిటన్‌లో వైద్యులు పాటించే నైస్ మార్గదర్శకం చెబుతుంది. బాగా తాగే అలవాటున్న వాళ్లయితే థయమిన్ (విటమిన్ బి1) లోపం కూడా తోడవుతుంది. ఇది మనం టేబులు దగ్గర తేల్చే వ్యవహారం కాదు. కొద్దిగా పెట్టి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాలి.

వడ్డన ఎలాగంటే, ప్రతి టేబులుకీ ఒక్కో వంటకం రెండు గిన్నెల్లో, ఒక్కొక్కటి సగం మాత్రమే నింపి పెడతాం. చేతులు మారుతూ తిరుగుతుంది. కొత్తవాళ్లున్న టేబులు దగ్గర మొదటి గిన్నె మొదటి మనిషి దగ్గరే దాదాపు ఖాళీ అయిపోతుంది. ఏమీ అనొద్దు. ‘అందరికీ ఉండాలి కదండీ’ అన్న మెత్తని మాట కూడా వద్దు. గిన్నె ఖాళీ అవుతుండగానే నిండు గిన్నె టేబులు మీద కనిపించాలి, వంటింట్లో ఉందని చెబితే చాలదు. అలా మూడు నాలుగు వారాలు కనిపించాక ప్లేట్లో కుప్పలు వాటంతటవే చిన్నవవుతాయి. వేగం తగ్గడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఎవరో లాక్కుంటారు, ఎవరో లేవగొడతారు అన్న భయంతో ఏళ్ల తరబడి ఐదు నిమిషాల్లో ముగించిన భోజనం అది. పక్కవాళ్లు కూడా అతనితోపాటు గబగబా తినేస్తే ఇబ్బంది మరీ పెరుగుతుంది. టేబులుకి ఒకరు నిదానంగా తినేవాళ్లు ఉంటే చాలు. మాలో ఒకరికి ఆ పని చెప్పక్కర్లేదు, ఆయన పుట్టుకతోనే నత్త.

జేబులో రొట్టె దాచుకోవడం చూస్తే చూడనట్టు ఉండమని చాలామంది సలహా ఇస్తారు. మాకది సరైన మార్గంగా అనిపించలేదు, ఎందుకంటే దాచేవాడికి మనం చూశామని తెలుస్తుంది. అందుకని కూర్చోగానే ప్రతి కుర్చీ ముందూ మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టేస్తాం, మా ముందూ పెట్టుకుంటాం. ‘ఇంటికి’ అని ఒక్క మాట. దాచుకోవాల్సిన అవసరమే లేకుండా పోతుంది. డబ్బాలోకి ఏం వెళ్తుందన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలి. గదిలో ఫ్రిజ్ లేనివాళ్లకు వండిన అన్నం, పప్పు ఇవ్వం. రొట్టె, పండ్లు, వేయించిన గింజలు ఇస్తాం.

ఎందుకంటే వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి ‘వేడి చేసుకుని తినండి’ అనడం ఇక్కడ జవాబు కాదు. వండినది 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచాలి, లేదా 5 డిగ్రీల కింద. ఆ మధ్యలో రెండు గంటలకు మించకూడదు. లోతైన గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడిమధ్య తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది. ఐదు సెంటీమీటర్ల మందం మించకుండా వెడల్పు పళ్లాల్లో పరిచి చల్లార్చి లోపల పెట్టండి. మళ్లీ వేడిచేసేది నడుమ కనీసం 70 డిగ్రీలు దాటాలి. తిండిలో గుచ్చి చూసే పుల్ల థర్మామీటరు ఒకటి కొనండి, వేలు పెట్టి చూసే వంటవాళ్ల అనుభవం మీద గౌరవం ఉన్నా సరే.

వాంతులు, విరేచనాలు అయినవాళ్లు ఆగిన తర్వాత 48 గంటలు వంటింట్లోకి రాకూడదు. ఈ నియమాన్ని వాలంటీర్లే ఎక్కువ తప్పుతారు, ‘నేను రాకపోతే ఎలా’ అంటూ.

మాటలు. ఎక్కడినుంచి వచ్చారు, ఎన్నాళ్లు బయట ఉన్నారు, ఇంట్లోవాళ్లు ఏరి: ఈ మూడూ టేబులు దగ్గర నిషిద్ధం. ఈ ప్రశ్నలకు వాళ్లు దరఖాస్తుల్లో, కౌంటర్ల దగ్గర వందసార్లు జవాబు చెప్పారు, ప్రతిసారీ ఏదో ఒకటి పొందడానికే చెప్పాల్సి వచ్చింది. ఉప్పు సరిపోయిందా, ఇది ఇంకోరకంగా ఎలా చేస్తారు అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో ఇల్లు, ఊరు, అమ్మ అన్నీ వాటంతటవే వస్తాయి, చెప్పాలనుకున్నవాడు చెప్పాలనుకున్నంత. ఫోటోలు వద్దు. దాతలకు చూపించాలంటే ఖాళీ టేబులు ఫోటో తీయండి. తినేముందు ఉపన్యాసం, ప్రార్థనలో పాల్గొనాలన్న షరతు, చివర్లో కృతజ్ఞతలు చెప్పించడం, ఇవేవీ వద్దు. ఎనిమిది మంది టేబులుకి వాలంటీర్లు ఇద్దరికి మించితే అది ఇంటర్వ్యూ బోర్డు అయిపోతుంది.

2016లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో, పాద్రె ఆంహెల్ అనే క్యాథలిక్ మతగురువు సంస్థ రాబిన్ హుడ్ అనే రెస్టారెంటు తెరిచింది. పగలు డబ్బిచ్చి తినేవాళ్ల ఆదాయంతో రాత్రి ఇల్లు లేనివాళ్లకు టేబుల్ క్లాతులు పరిచి, వెయిటర్లతో వడ్డించారు. ఆ ఆలోచన మీద మాకు గౌరవం ఉంది. అయినా అక్కడ ఒకరు వడ్డిస్తున్నారు, ఇంకొకరు వడ్డించుకుంటున్నారు. సిక్కుల లంగర్, అంటే గురుద్వారాల్లో అందరికీ పెట్టే ఉచిత భోజనం, ఇంకో అడుగు ముందుంటుంది. అందరూ ఒకే పంగత్‌లో, అంటే ఒకే బంతిలో, కూర్చుంటారు, తిన్నవాడే లేచి గిన్నెలు తోమవచ్చు, రొట్టెలు చేయవచ్చు. మాకు కావలసింది ఆ రెండోది. గరిటె ఎవరి చేతిలో ఉందన్నదే మేము ప్రతివారం చూసుకునే లెక్క.

ఫ్రాన్స్ క్యాథలిక్ మతగురువు అబె పియెర్ 1949లో పారిస్ దగ్గర, ఇల్లు లేనివాళ్ల కోసం ఎమ్మాయుస్ అనే సంస్థ మొదలుపెట్టినప్పుడు, ఆయన దగ్గరికి తీసుకొచ్చిన మొదటి మనిషి జైలునుంచి వచ్చి ప్రాణం తీసుకోబోయినవాడు. ఇవ్వడానికి తన దగ్గరేమీ లేదని, ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు కడుతున్నాను, వచ్చి సాయం చేయమని ఆయన అడిగాడు. పని చెప్పడం అంటే ఇదీ. అయితే పని చెప్పడంలో తప్పులు చాలా జరుగుతాయి, అందుకని కాస్త వివరంగా.

మొదటి పని అడుగంటిన గిన్నెలు తోమడం కాకూడదు. అది శిక్షలా ఉంటుంది, తిన్నదానికి బదులు చెల్లించినట్టు ఉంటుంది. మధ్యలో వదిలేసి వెళ్లినా నష్టం లేని పని ఇవ్వండి. మేము ఎక్కువగా ఇచ్చేది కడిగిన చెంచాలు తుడిచి డబ్బాలో వేయడం. చేతిలో గుడ్డ, పక్కన ఇంకో మనిషి అదే పని చేస్తూ, ఇద్దరి చూపూ చెంచాల మీదే. ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పని మనిషి పక్కపక్కన నిలబడి చెంచాలు తుడుస్తూ మాట్లాడతాడు. ముప్పై చెంచాలకు పావుగంట పడుతుంది, ఎనిమిది నిమిషాలకే వెళ్లిపోయినా మిగతావి మిగతావాళ్లు తుడుస్తారు. ఇది రెండు మూడు వారాలు. ‘సాయం చేస్తారా’ అని కాకుండా ‘ఈ గుడ్డ ఒకసారి పట్టుకుంటారా’ అని అడగండి. మొదటిదానికి కాదనడం తేలిక.

తర్వాత టేబులు సర్దడం. తర్వాత కూరగాయలు. కత్తి ఇచ్చేముందు చేతులు వణుకుతున్నాయా చూడండి. వణుకుతుంటే కాయలు ఒలవడం, ఆకులు తుంచడం ఉన్నాయి. వేళ్ల మీద పుండ్లుంటే పట్టీ వేసి పైన గ్లవుజు. పట్టీ నీలం రంగుదైతే కూరలో పడినా కనబడుతుంది, తిండి పదార్థాల్లో ఆ రంగు దాదాపు ఉండదు గనక. కత్తుల్ని లెక్కపెట్టి ఇవ్వడం, లెక్కపెట్టి తీసుకోవడం అందరికీ ఒకటే నియమంగా ఉండాలి, మాకూ కలిపి. ఒక్కరిదే లెక్కపెట్టారో ఆ మనిషి పోయినట్టే.

ఆపైన వంట నిర్ణయం. నెలకోసారి ‘వచ్చేవారం ఏం చేద్దాం’ అని టేబులు మీద కాగితం తిప్పుతాం. చదవడం రానివాళ్లు కూడా ఉంటారు కాబట్టి నోటితో కూడా అడుగుతాం. అడిగింది చేయకపోతే అసలు అడగకండి. ఎవరి వంటకం ఎంచుకున్నామో ఆ మనిషే ఆ రోజు వంటింట్లో పెద్ద, మేము చెప్పినట్టు చేసేవాళ్లం. ఇది వాలంటీర్లకు కష్టం. నూనె ఎక్కువైందని, ఇలా కాదు అలా అని నోరు ఊరుకోదు. వంట పాడైన రోజులూ ఉంటాయి, దానికి కిలో పప్పు, రొట్టెలు పక్కన సిద్ధంగా ఉంచుకుంటాం. పాడుచేసుకోవడం అతని హక్కే. చేతిలోంచి గరిటె లాక్కుంటే మాత్రం మూడు నెలల పని మూడు సెకన్లలో పోతుంది.

తాగి వచ్చినవాళ్ల సంగతి. కూర్చుని తినగలిగితే కూర్చోబెడతాం. అరుస్తుంటే ఒకరు తోడు బయటకు వెళ్లి, అక్కడే ప్లేటు ఇచ్చి, అతను తినేదాకా నిలబడతారు. తిండి ఆపడం శిక్షగా ఎప్పుడూ వాడం. కొట్లాట అయితే ఇద్దర్నీ పంపేస్తాం, వచ్చేవారం రావచ్చని ఆ గుమ్మం దగ్గరే చెప్పి పంపుతాం. ఈ మాట ఆ క్షణంలోనే చెప్పాలి. మర్నాడు చెబుదామంటే మనిషి దొరకడు. చెంచాలు పోతాయి. పోనివ్వండి, గదిలో చెంచా లేకే తీసుకెళ్తారు. మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది చెంచాలు కాదు, గడువు దాటిన డబ్బాల్ని విరాళమని దింపేసి వెళ్లే దాతలు. మీ ఇంట్లో తింటారా అని అడిగి తిరిగి పంపేయడం నేర్చుకున్నాం.

కొన్నాళ్లకు ఊరికే తినడం కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. తలుపు పక్కన మూత మీద చీలిక ఉన్న డబ్బా పెట్టాం. ఎవరెంత వేశారో కనబడదు, వేయనిదీ కనబడదు. వంటింట్లోంచి చూస్తే కూడా కనబడని చోట పెట్టాలి, మేము మొదట పెట్టిన చోటు అలాంటిది కాదు, మార్చాం.

చివరికి ఈ భోజనమంతా గదిలో ఉన్న పొయ్యి దాకా చేరాలి. ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ 1991లో ఇచ్చిన నాలుగో సాధారణ వ్యాఖ్య, సరైన నివాసమంటే ఏమిటో చెబుతూ వంటకు ఇంధనం, తిండి నిల్వ చేసుకునే వసతి కూడా అందులో చేర్చింది. నిజంలో చాలా గదుల్లో ఒక్క కరెంటు పొయ్యి ఉంటుంది, పాత్రలుండవు. ఇండక్షన్ పొయ్యి అయితే ముందు ఒక అయస్కాంతం తీసుకెళ్లండి. గిన్నె అడుగుకి అది అంటుకోకపోతే ఆ గిన్నె వేడెక్కదు. సగం విరాళపు గిన్నెలు ఇక్కడే పనికిరాకుండా పోతాయి.

మేమిచ్చే సామాను చిన్నదే. మూత ఉన్న రెండు లీటర్ల గిన్నె, బాండలి, ఒక కత్తి, కూరలు తరిగే పలక, గరిటె, ఇరవై నిమిషాలకు మోగే టైమరు. పొయ్యి ముట్టించి మర్చిపోతామన్న భయంతోనే చాలామంది వండరు, టైమరు ఆ భయానికి. కంచాలు మాత్రం రెండు. గ్లాసులు రెండు. మొదట్లో ఒక మనిషికి ఒక్కటే ఇచ్చేవాళ్లం, లెక్క ప్రకారం అంతే కదా అని. ఒక్క కంచం ఉన్న గదికి ఎవర్నీ పిలవలేరు. రెండోది ఇవ్వడం మొదలుపెట్టాక, దాన్ని సంచిలోనే ఉంచి అలమారలో తోసేసేవాళ్లు కొందరు, మొదటి వారంలోనే వాడేసేవాళ్లు కొందరు. మేము అడగం.

ఒకరికి వండటంలో చిక్కు ఏమంటే మిగలడం. సగం క్యాబేజీ, సగం పెరుగు పాడైపోయి, డబ్బు వృథా అయిందన్న బాధతో మళ్లీ మానేస్తారు. అందుకే పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దర్ని కలిపి ఒకే సరుకు కొనుక్కోమంటాం. ఒకరోజు ఒకరు వండాలి, మర్నాడు రెండోవాళ్లు. ఇద్దర్నీ మనం జతకూర్చకూడదు, వారంవారం ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూస్తే తెలిసిపోతుంది.

కొందరు రావడం మానేస్తారు. ఒక్కసారి ఫోన్ చేస్తాం, మూడు వారాలు కుర్చీ ఉంచుతాం. కొందరి విషయంలో అది చెడ్డ కబురే. కొందరు ఆ రోజు ఇంట్లో ఎవరికో వండుతున్నారని తర్వాతెప్పుడో తెలుస్తుంది. డబ్బాలు మాత్రం ఎవరో ఒకరి చేత తిరిగొస్తుంటాయి, కడిగి, ఒక్కోసారి లోపల ఏదో ఒకటి పెట్టి. మూతలే తగ్గుతుంటాయి. కొనేటప్పుడు పది డబ్బాలకు మూడు మూతలు ఎక్కువ తీసుకోండి.